పాత అద్భుతకథల బొమ్మల్లో ఆ లోతు ఎలా వస్తుంది? (సిరా గీత, నీటిరంగు పూతలు)

చిగురుగీత

1900 నుంచి 1925 దాకా యూరప్‌లో వచ్చిన అద్భుతకథల పుస్తకాల బొమ్మల గురించి అడుగుతున్నాను. ఆర్థర్ రాకమ్ చెట్లు, ఎడ్మండ్ డ్యులాక్ రాత్రులు, కే నీల్సన్ నల్లటి ఆకాశాలు, ఇవాన్ బిలీబిన్ అంచుపట్టీలు. పాళీ, ఇండియన్ ఇంక్, నీటిరంగులతో ఆ తరహాలో వేయాలంటే ఈ నాలుగు విషయాలు తేలడం లేదు.

గీత ముందా, రంగు ముందా? బొమ్మంతా పరుచుకుని ఉండే ఆ తేనె రంగు ఛాయ చిత్రకారుడు వేసిందా, కాగితం పాతబడి వచ్చిందా? నాలుగైదు పూతలు పడేసరికి రంగు మడ్డిగా మారుతుంది, వాళ్ల బొమ్మల్లో అలా ఎందుకు కాలేదు? ఇంటర్నెట్‌లో ఒకే బొమ్మ పది రకాల రంగుల్లో దొరుకుతుంది, దేన్ని నమ్మి నేర్చుకోవాలి?

---

అచ్చుదిమ్మ

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావాటి జవాబు సగం అందులోనే ఉంది.

ఆ ఛాయ మూడు చోట్ల నుంచి వస్తుంది. చిత్రకారుడు కావాలని వేసిన పూత ఒకటి. వందేళ్లకు కాగితం పసుపెక్కడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య అచ్చు పద్ధతి ఉంది, దాని గురించి బొమ్మలు వేసేవాళ్లు పెద్దగా ఆలోచించరు.

ఆ పుస్తకాల్లోని రంగుల ప్లేట్లు ఎక్కువగా మూడు రంగుల హాఫ్‌టోన్‌లో అచ్చయ్యాయి. అసలు బొమ్మను ఊదానీలం, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్ల గుండా విడివిడిగా ఫొటో తీస్తారు. అడ్డం నిలువు గీతలు చెక్కిన గాజు తెర ఒకటి ఆ ఛాయల్ని చిన్నా పెద్దా చుక్కలుగా విడగొడుతుంది. ఆ చుక్కలు నిలిచేలా లోహపు పలకల్ని ఆమ్లంతో తినిపించి, పసుపు, ఎరుపు, నీలం సిరాలతో ఒకదాని మీద ఒకటి అచ్చు కొడతారు. విడిగా నల్ల పలక ఉండదు.

దీంతో మూడు ఇబ్బందులు. నలుపు కావాలంటే మూడు సిరాలూ ఒకేచోట పడాలి, అప్పుడు వచ్చేది నలుపు కాదు, ముదురు గోధుమ. తెల్లగా ఉండాల్సిన చోట కూడా సన్నటి చుక్కలు మిగిలిపోతాయి, వాటిని చేత్తో తీసేయిస్తే తప్ప అచ్చమైన తెలుపు రాదు. ఇక మూడు పలకల్లో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా కళ్లూ పెదాలూ చెదిరిపోతాయి.

ఇప్పుడు రాకమ్ బొమ్మను మళ్లీ చూడండి. తెలుపు ఎలాగూ మాసిపోతుంది, అందుకని బొమ్మంతటికీ వెచ్చటి లేత ఛాయ ఇచ్చాడు. నలుపు ఎలాగూ గోధుమలోకి దిగుతుంది, అందుకని నీడల్నే గోధుమలో కట్టాడు. రంగు జరిగే ప్రమాదం ఉంది, అందుకని రూపాన్ని రంగుకు వదలకుండా గీతతో కట్టేశాడు. పూత లేతగా ఉంటే అది కొంచెం జరిగినా కంటికి తగలదు. ఆ యంత్రం ఏం చేయలేదో తెలిసినవాడు వేసిన బొమ్మలవి. వాటి అందంలో పెద్ద వాటా ఆ తెలివిడిదే అని నా గట్టి అభిప్రాయం.

చుక్కలు అంత సన్నగా పడాలంటే చైనా మట్టి పూసిన నున్నటి ఆర్ట్ పేపర్ కావాలి. కథ అచ్చయ్యేది గరుకు కాగితం మీద. అందుకే రంగుల బొమ్మల్ని విడిగా అచ్చు కొట్టి, పై అంచుకు మాత్రం జిగురు రాసి, మందపాటి బూడిదరంగు లేదా గోధుమరంగు అట్ట మీద అతికించేవాళ్లు. పైన పలచటి టిష్యూ కాగితం. 1905లో రాకమ్ రిప్ వాన్ వింకిల్‌కు 51 రంగుల ప్లేట్లు వేశాడు, 1907లో డ్యులాక్ అరేబియన్ నైట్స్‌కు 50. అన్నీ ఈ పద్ధతే.

అంతకుముందు తరం బొమ్మల్ని కూడా ఇదే కంటితో చూడాలి. 1860ల మొదట్లో పెరో కథలకు గుస్తావ్ డోరే వేసిన బొమ్మలు చెక్క దిమ్మల మీద చెక్కినవి. బాక్స్‌వుడ్‌ను అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద ఉలితో చెక్కుతారు. దిమ్మ ఎత్తు అచ్చక్షరాల ఎత్తుకు సమానంగా ఉంటుంది కాబట్టి కథా బొమ్మా ఒకే చట్రంలో కూర్చి అచ్చు కొట్టవచ్చు. డోరే దిమ్మ మీద కుంచెతో నీడలు పూసి ఇస్తే, వాటిని గీతలుగా మార్చింది చెక్కేవాళ్లు. ఉలి తీసిన చోటే తెలుపు వస్తుంది. చీకట్లోంచి వెలుగును తవ్వి తీసినట్టు కనబడేది అందుకే. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ ఎవాన్స్ ఒక్కో రంగుకు ఒక్కో చెక్క దిమ్మ పెట్టి వాల్టర్ క్రేన్, కేట్ గ్రీనవే బొమ్మల్ని అచ్చు వేశాడు. క్రేన్ గీత అంత స్పష్టంగా, రంగు అంత చదునుగా ఉండటానికి ఆ దిమ్మలే కారణం.

---

పాళీకుంచె

అచ్చుదిమ్మ గారు కారణం చెప్పారు, నేను చేసే వరస చెబుతాను. గీత ముందు, రంగు తర్వాత, చివర్లో కొద్దిచోట్ల మళ్లీ గీత.

కాగితం. చదరపు మీటరుకు 300 గ్రాముల హాట్‌ప్రెస్ (నున్నటి రకం), పూర్తి కాటన్. కోల్డ్‌ప్రెస్ గరుకులో పాళీ పోగుల్ని పట్టుకుని సిరా చిమ్ముతుంది. అచ్చులో వచ్చే కొలతకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేయండి. తగ్గించినప్పుడు గీత బిగుస్తుంది. రెండు రెట్లు పెంచితే మాత్రం 0.2 మి.మీ. గీత 0.1 మి.మీ.కు దిగి అచ్చులో తెగిపోతుంది. నీడ కోసం పక్కపక్కన వేసే గీతల మధ్య ఎడం గీత మందానికి కనీసం రెట్టింపు ఉంచాలి, లేకపోతే తగ్గించాక అవి కలిసిపోయి నల్లమచ్చ అవుతాయి.

పెన్సిల్ దశ అసలు కాగితం మీద వద్దు. చెరిపేకొద్దీ కాగితం తడిని పీల్చేయకుండా ఆపే సైజింగ్ పొర లేచిపోతుంది, అక్కడ సిరా వేళ్లు తన్నుకుంటూ పాకుతుంది, పూత వేసినప్పుడు ముదురు మచ్చ పడుతుంది. బొమ్మను వేరే కాగితం మీద పూర్తిగా తేల్చుకుని, ట్రేసింగ్ పేపర్ వెనక గ్రాఫైట్ రుద్ది, హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా దింపండి. కార్బన్ పేపర్ వాడొద్దు, దానిలోని మైనం నీటిరంగును అంటనివ్వదు.

అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది: 5×7 సెం.మీ. చిన్న నమూనాలు, మూడే ఛాయలతో. తెలుపు, నడిమి బూడిద, నలుపు. బొమ్మ అక్కడే నిలబడకపోతే ఎన్ని రంగులు వేసినా నిలబడదు. రాకమ్ బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి కళ్లు చికిలించి చూస్తే దాదాపు అంతా నడిమి ఛాయే. గాఢమైన నలుపు చెట్టు వేళ్ల సందుల్లో, చెప్పుల కింద, గుహ నోట్లో ఉంటుంది. వెలుగు ఒక ముఖం మీదో పమిటలాంటి పలచటి బట్ట మీదో పడుతుంది. ఆ కొంచెం తెలుపునూ ఆ కొంచెం నలుపునూ దాచుకుని వాడటంలోనే ఉంది విద్య.

పాళీ, సిరా. గిలాట్ 303 గానీ 290 గానీ, గట్టిది కావాలంటే హంట్ 102. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, సబ్బు నీళ్లతో రుద్ది కడగకపోతే సిరా బొట్లు కట్టి జారిపోతుంది. షెల్లాక్ (లక్క) కలిసిన, నీటికి చెదరని ఇండియన్ ఇంకే వాడండి, ఫౌంటెన్ పెన్ సిరా మొదటి పూతకే పారిపోతుంది. గీసిన తర్వాత ఒక రోజు ఆరనివ్వండి. ముక్క కాగితం మీద అదే సిరాతో గీత గీసి తడికుంచెతో నాలుగుసార్లు రుద్ది, కదలడం లేదని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

దూరం పెరిగేకొద్దీ గీత లేతబారాలి. ముందున్న చెట్టు వేళ్లకు చిక్కటి నలుపు, మధ్యలో సెపియా కలిపిన నలుపు, వెనక కొమ్మలకు ఒక వంతు సిరాకు మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్. ఇంకా పలచన చేస్తే సిరాను పట్టి ఉంచే జిగురు చాలక, ఆరినా తడికి కదులుతుంది. కుళాయి నీళ్లలో ఉప్పు ఎక్కువైతే సిరా విరిగి రేణువులు తేలతాయి, డిస్టిల్డ్ వాటర్ అన్నది అందుకే.

గీతకూ రంగుకూ మధ్య ఒక పంపకం ఉంటుంది. గీతలు దట్టంగా ఉన్నచోట రంగు నోరు మూసుకుంటుంది, రంగు స్వచ్ఛంగా ఉన్నచోట గీత సన్నబడి తెగుతుంది. చెట్టు మొదట్లో వందల గీతలు, పక్కనే నిలబడ్డ పిల్ల చెంప మీద నాలుగైదు. వెలుగు పడే వైపు అంచును అక్కడక్కడా తెంపండి. చుట్టూ ఒకే మందంతో గీసేస్తే అది పిల్లలు రంగులు నింపుకునే పుస్తకం అవుతుంది.

పూతలు. 25×35 సెం.మీ. కాగితానికి మొదటి పూత కోసం 15 నుంచి 20 మి.లీ. ముందే కలిపి ఉంచండి, మధ్యలో అయిపోతే చార పడుతుంది. రా అంబర్‌లో కొంచెం యెల్లో ఓకర్, తేలిక టీ రంగు. బోర్డును తలవైపు 10, 15 డిగ్రీలు ఎత్తి, 12 నంబరు గుండ్రటి కుంచెతో పైనుంచి కిందికి, అంచున నిలిచిన నీటి పూసను లాక్కుంటూ రండి. తడి మెరుపు పోయి కాగితం ఇంకా చెమ్మగా ఉండగానే, పిండేసిన కుంచెతో ముఖాలు, చేతులు, మబ్బుల అంచులు మెల్లగా ఎత్తేయండి. ఆ మెత్తటి వెలుగు ఇంకే దారిలోనూ రాదు.

తర్వాత ఆరనివ్వండి. ఆరిందీ లేనిదీ కంటితో తెలియదు, చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగలకూడదు. ఇలా 5 నుంచి 8 పూతలు. ఒక్కో పూతా "ఇది చాలదేమో" అనిపించేంత లేతగా ఉండాలి.

మడ్డి ఎందుకవుతుంది? చాలాసార్లు మూడింట్లో ఏదో ఒకటి. కింది పూత ఆరకముందే పైది వేయడం. ఒకేచోట కుంచెను మళ్లీ మళ్లీ రుద్ది కింది రంగును లేపడం. నాలుగైదు రకాల పిగ్మెంట్లు కలపడం. చివరిదానికి మందు, బొమ్మ మొత్తానికి నాలుగే పిగ్మెంట్లు పెట్టుకోవడం: రా అంబర్, యెల్లో ఓకర్, ఒక నీలం, క్వినాక్రిడోన్ రోజ్ (ట్యూబు మీద పీవీ 19 అని ఉంటుంది). పాత అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్ 83) వెలుగుకు వెలిసిపోతుంది, కొనొద్దు. కాడ్మియంలు, నేపుల్స్ యెల్లో లాంటి అపారదర్శక రంగులు ఈ పనికి పనికిరావు. అవి సిరా గీత మీద సుద్దలా కూర్చుని నలుపును బూడిద చేస్తాయి.

కాలీఫ్లవర్ లాంటి మచ్చలు పడుతున్నాయంటే సగం ఆరిన పూతలోకి అంతకంటే తడిగా ఉన్న కుంచె పెట్టారన్నమాట. గీతల పక్కన సన్నటి తెల్ల అంచు మిగిలిపోతుంటే షెల్లాక్ నీటిని నెడుతోంది, పూతలో ఒకటి రెండు చుక్కల ఆక్స్‌గాల్ (రంగు నీళ్లు సమంగా పరుచుకునేలా చేసే ద్రవం) కలిపితే సర్దుకుంటుంది.

అన్నీ అయ్యాక, పూతల కింద మసకబారిన గీతల్లో అతి ముఖ్యమైనవాటిని, అంటే కనురెప్ప, ముక్కుపుటం, వేళ్ల సందులు, పాళీతో మళ్లీ తాకండి. అన్నింటినీ తిరిగి గీయొద్దు, మొదటి గీతలోని ప్రాణం పోతుంది.

---

నీలిపూత

పాళీకుంచె గారి వరస రాకమ్‌కు నప్పుతుంది. డ్యులాక్‌కు అదే వాడితే దెబ్బతింటారు. అచ్చుదిమ్మ గారు చెప్పిన "రూపాన్ని గీతతో కట్టడం" కూడా అందరికీ వర్తించదు. మూడు రంగుల అచ్చు కుదురుకున్నాక, రంగు సరిగ్గా తన చోట పడుతుందన్న నమ్మకంతో వేసినవాడు డ్యులాక్. ఆయన బొమ్మల్లో గీత చాలాచోట్ల రంగులో కరిగిపోతుంది. రూపం తేలేది పక్కపక్కనున్న రెండు ఛాయల తేడాతో. 1911లో ఆండర్సన్ కథలకు వేసిన 28 బొమ్మల్లో రాత్రులు చూడండి, నల్ల గీత తీసేసినా బొమ్మ చెక్కుచెదరదు.

ఆ నీలం రాత్రి కట్టే పద్ధతి ఇది. ముందుగా వెలుగులన్నీ ఎక్కడో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోవాలి: కిటికీ, దీపం, మంచు అంచు, ముఖం. మొత్తం బొమ్మలో అవి ఇరవయ్యో వంతుకు మించితే రాత్రి తెల్లారిపోతుంది. మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) దీపం లాంటి పదునైన వెలుగులకే వాడాలి. ముఖానికీ మబ్బుకూ వాడితే కత్తిరించి అతికించినట్టు గట్టి అంచు వస్తుంది, అక్కడ పూతను దాటేసుకుంటూ వెళ్లి అంచును చెమ్మ కుంచెతో మెత్తబరచాలి.

నీలంలోకి దిగేముందు పలచటి గులాబీ పూత ఒకటి కాగితమంతా వేయండి. దాని మీద పడ్డ నీలం లోపలినుంచి వెచ్చగా కనబడుతుంది. నేరుగా తెల్ల కాగితం మీద పడ్డ నీలం పోస్టర్‌లా ఉంటుంది. ఆ తర్వాత అల్ట్రామెరీన్ రెండు పూతలు. దాని రేణువులు కాగితపు గుంటల్లో దిగి గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. ఆపైన ప్రష్యన్ బ్లూ రెండు మూడు పూతలు, పైమూలల్లో ముదురు, నేల దగ్గరికొచ్చేసరికి లేత. ప్రష్యన్ బ్లూ కాగితానికి పట్టేస్తుంది, మళ్లీ ఎత్తడం కుదరదు. కాబట్టి ఎత్తాల్సినవి అల్ట్రామెరీన్ దశలోనే ఎత్తేయండి. ప్రష్యన్ బ్లూ గట్టి వెలుగులో కొంచెం వెలిసి, చీకట్లో ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది, ఆ భయంతో దాన్ని మానక్కర్లేదు. అంతకంటే నిలకడగలది కావాలనుకుంటే ఇండాంథ్రోన్ బ్లూ (పీబీ 60).

నక్షత్రాలకు తెల్ల గువాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగు), పాల చిక్కదనంలో, 1 నంబరు కుంచె కొనతో ఒక్కసారి తాకి తీసేయాలి. రెండోసారి తాకితే కింది నీలం కలిసి లేతనీలం బొట్టవుతుంది. పళ్ల బ్రష్‌తో చిమ్మిన చుక్కలు మంచులా కనిపిస్తాయి, నక్షత్రాల్లా కనిపించవు. నక్షత్రాలకు చిన్నా పెద్దా తేడా, గుంపులూ ఖాళీలూ కావాలి.

వెచ్చటి వెలుగును చివర వేయండి. కిటికీలో ఓకర్, దాని చుట్టూ వేలెడంత మేర ఆ ఓకర్‌ను నీలంలోకి కనబడీ కనబడనట్టు జార్చాలి. పసుపు నీలంలో కలిస్తే ఆకుపచ్చ తిరుగుతుంది, మధ్యలో సన్నగా గులాబీ పట్టీ ఉంచితే తిరగదు.

---

చిగురుగీత

అందరికీ ధన్యవాదాలండీ. మొదటి, మూడో ప్రశ్నలు తేలిపోయాయి. నీల్సన్ పెద్ద నల్లటి భాగాలు, బంగారు పని ఎలా? బిలీబిన్ గీత పాళీదా కుంచెదా? నాలుగో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

---

నీలిపూత

నీల్సన్ గురించి. నార్వే జానపద కథలకు ఆయన వేసిన 25 రంగుల ప్లేట్లు 1914లో వచ్చాయి. వాటికి మూడు కాదు, నాలుగు రంగుల పద్ధతి వాడారు. ఆ పుస్తకంలో చీకటి అంత నిండుగా నిలబడటం వెనక అదీ ఉంది. జపాన్ చెక్క అచ్చుల ప్రభావం ఆయన మీద గట్టిది: ఖాళీని ఖాళీగా వదిలే ధైర్యం, ఒక పక్కకు నెట్టిన మనిషి, సగం కాగితాన్ని మింగేసే ఒకే ఒక్క వంపు.

పెద్ద నలుపుకు ఇండియన్ ఇంక్‌ను ఒకేసారి చిక్కగా వేస్తే షెల్లాక్ మెరుపు చారలు చారలుగా కనబడుతుంది, కాగితం కూడా ముడుచుకుంటుంది. కాగితాన్ని ముందే 4, 5 నిమిషాలు నానబెట్టి, జిగురు టేపుతో బోర్డుకు బిగించి ఆరబెట్టుకోండి. నలుపును సగం నీళ్లు కలిపి రెండు పూతలుగా, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా వేయండి. మెరుపు అసలు వద్దనుకుంటే పైన నల్ల గువాష్. అయితే గువాష్ మీద చెయ్యి ఆనితే మరక పడుతుంది, అందుకని అది చివరి పని కావాలి.

నలుపు మీద తెల్ల గువాష్‌తో సన్నటి నమూనాలు వేసేటప్పుడు వచ్చే ఇబ్బంది, ఆరాక అవి నీలిబూడిదగా కనిపించడం. తెలుపులో రవ్వంత ఓకర్ కలిపితే అది పోతుంది.

బంగారానికి ఇత్తడి పొడి వాడకండి, కొన్నేళ్లకు పచ్చబారి నల్లబడుతుంది. అసలు బంగారం పొడితో చేసిన షెల్ గోల్డ్ మారదు. అంత పెట్టలేకపోతే అభ్రకంతో చేసిన బంగారు నీటిరంగు సురక్షితం. బంగారం కింద ఓకర్ పూత ఒకటి ఉండాలి, ఎక్కడైనా పలచబడినా తెల్ల కాగితం పొడుచుకురాదు. ఇంకొకటి: స్కానర్‌కు బంగారం మట్టిరంగుగానే కనబడుతుంది. బొమ్మ అచ్చుకు వెళ్లేదైతే బంగారాన్ని అసలు మీద వేయకుండా విడి పొరగా పెట్టుకోవడం మేలు.

---

పాళీకుంచె

బిలీబిన్ గీత కుంచెది. పాళీ అనుకోవడానికి కారణం దాని కచ్చితత్వం, తోటివాళ్లు ఆయన్ని "ఇవాన్ ఇనుపచెయ్యి" అని పిలిచేవారు. ముందు మామూలు కాగితం మీద చిత్తు, దాన్నుంచి ట్రేసింగ్ పేపర్ మీదికి వివరంగా, అక్కడినుంచి నున్నటి మందపాటి కాగితం మీదికి. ఆపైన కొన కోసిన కోలిన్‌స్కీ (ఒక రకం ముంగిసలాంటి జంతువు వెంట్రుకల) కుంచెతో సిరా గీత, చివర నీటిరంగు. కొనను ఏటవాలుగా కోయడం వల్ల కుంచె ఉలిలా పనిచేస్తుంది. నొక్కుడు మారినా గీత మందం పెద్దగా మారదు.

ఇది రాకమ్ గీతకు పూర్తి ఎదురు. ఇక్కడ గీత ఎక్కడా తెగకూడదు. ప్రతి ఆకారమూ మూసుకుని ఉండాలి, లోపల రంగు చదునుగా ఉండాలి, ఒక్కో ఆకారానికి ఒక నీడ చాలు. దూరానికి సిరాను పలచన చేయడం ఉండదు, దూరపు గీతను సన్నగా గీస్తారు, అంతే. ముందున్న మనిషికి 1 మి.మీ. పెట్టుకుంటే మధ్య చెట్లకు 0.6, వెనక కొండలకు 0.3 దగ్గర పెట్టండి. ఈ మూడు మందాలూ బొమ్మ మొదలుపెట్టకముందే ముక్క కాగితం మీద ఖాయం చేసుకోవాలి.

అంచుపట్టీని అలంకారం అనుకుని చివర్లో వేసేవాళ్లు ఎక్కువ. అది తప్పు. 1902 నుంచి 1904 దాకా బిలీబిన్ రష్యా ఉత్తర ప్రాంతాల్లో తిరిగి చెక్క పనితనాన్ని, పాత కట్టడాల్ని, కుట్టుపని బట్టల్ని చూసి నమోదు చేశాడు. ఆయన పట్టీల్లోని నమూనాలు ఆ లోకానివి. పట్టీలో ఉన్నదానికీ లోపలి కథకూ చుట్టరికం ఉంటుంది: లోపల అడవి అయితే పట్టీలో పుట్టగొడుగులు, గుడ్లగూబలు. కొలతలో పట్టీ వెడల్పు బొమ్మ వెడల్పులో ఎనిమిదో వంతు దాటకుండా, కింది పట్టీ మిగతావాటికంటే కొంచెం ఎక్కువ మందంగా ఉంటే బరువు కుదురుతుంది. పట్టీలో రంగులు లోపలి రంగుల్లోంచే రెండు మూడు తీసుకుని, రవ్వంత మాసినట్టుగా వాడండి. పట్టీలో లోపలికంటే గాఢమైన ఎరుపు పెడితే కన్ను అక్కడే ఆగిపోతుంది.

---

అచ్చుదిమ్మ

నీలిపూత గారు డ్యులాక్ గురించి అన్నది నిజం, నేను అందరికీ కలిపి చెప్పాను, సరిదిద్దినందుకు సంతోషం.

నాలుగో ప్రశ్నకు వస్తే, దేన్ని చూసి నేర్చుకోవాలో 10 రెట్ల భూతద్దం చెబుతుంది. రంగురంగుల చుక్కలు పువ్వు రేకుల్లా వరసగా, బొమ్మంతటా ఒకే ఎడంతో కనిపిస్తే హాఫ్‌టోన్. చుక్కలు చేత్తో పెట్టినట్టు క్రమం లేకుండా ఉంటే రాతి అచ్చు, అంటే క్రోమోలితోగ్రాఫ్. చుక్కలే లేకుండా నలుపులో తెల్ల గీతలు చెక్కినట్టుంటే చెక్క దిమ్మ. చుక్కల మీద ఇంకో చుక్కల వరస పడి గళ్లబట్టలా అలలు తేలితే అది పాత అచ్చును ఫొటో తీసి మళ్లీ అచ్చు కొట్టిన పునర్ముద్రణ. దాన్ని చూసి రంగులు నేర్చుకోవద్దు, కూర్పు మాత్రం నేర్చుకోవచ్చు.

వరసలో మొదటి మెట్టు మ్యూజియంలు పెట్టే అసలు బొమ్మల ఫొటోలు. పూతల అంచులు, ఎత్తేసిన వెలుగులు, పెన్సిల్ ఆనవాళ్లు వాటిలోనే కనబడతాయి. రెండోది తొలి ముద్రణ ప్లేట్ల స్కాన్లు, పేజీ అంచులో ఖాళీ కాగితం కూడా కనిపించేవి. ఆ ఖాళీ కాగితపు రంగు ఎంత పసుపో చూస్తే బొమ్మలోంచి ఎంత పసుపు తీసేయాలో తెలుస్తుంది. అయితే జాగ్రత్త, ఆ అంచు పూర్తి తెలుపు అయ్యేదాకా సరిచేస్తే చిత్రకారుడి పూత కూడా కొట్టుకుపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే మెరిసిపోయే నీలాల డ్యులాక్, తెల్లగా పాలిపోయిన రాకమ్ చాలావరకు ఇలా తయారైనవే.

మీరే ప్లేట్లు స్కాన్ చేస్తే కనీసం 600 పీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) పెట్టి, ముందు చుక్కలు కరిగేంత మేర మసక చేసి, తర్వాత సగానికి తగ్గించండి. ముందే తగ్గించి తర్వాత మసక చేస్తే అలలు అప్పటికే పడిపోయి ఉంటాయి, ఇక పోవు.

పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక మంచి జత చెబుతాను. గ్రిమ్ కథలకు 1900లో రాకమ్ నలుపు తెలుపు బొమ్మలు వేశాడు. వాటిలో కొన్నింటిని మళ్లీ పని చేసి రంగులద్ది, 40 రంగుల ప్లేట్లతో 1909లో తెచ్చాడు. ఒకే దృశ్యపు రెండు రూపాలు దొరికితే, రంగు వచ్చేసరికి ఏ గీతలు తగ్గించాడో, ఏవి మిగిల్చాడో లెక్కపెట్టండి.

---

చిగురుగీత

ఆ జత వెతుకుతాను. చివరిగా ఒక్కటి: అదే రాకమ్ 1919లో సిండ్రెల్లాకు, 1920లో నిద్రపోయే రాకుమారి కథకు నీడబొమ్మలు వేశాడు కదా. మొదలుపెట్టేవాళ్లకు అవి తేలికా?

---

పాళీకుంచె

సిరా, పూతల పని తక్కువ. గీత పని ఎక్కువ. లోపల ఏ వివరమూ లేదు కాబట్టి అంచే అన్నీ చెప్పాలి. ముఖం పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి, ముక్కూ గడ్డమూ మామూలుకంటే కొంచెం పొడుగ్గా. చేతులు ఒంటికి ఆనకుండా, వేళ్లు విడివిడిగా. మోచెయ్యికీ నడుముకూ మధ్య కాగితం కనబడాలి, ఆ ఖాళీ అచ్చులో కనీసం 1 మి.మీ. ఉంటేనే పూడిపోదు. ఇద్దరు మనుషులు ఒకరిమీద ఒకరు పడితే ఒకే ముద్ద అవుతుంది, కనీసం తలలూ చేతులూ విడిగా నిలవాలి. కొస వెంట్రుకలు, లేసు, పక్షి ఈక, చీపురు పుల్లలు అంచున పెట్టండి, నలుపుకు ఊపిరి అక్కడే.

సరిచూసుకునే పద్ధతి: బొమ్మను తలకిందులుగా తిప్పి, చేయిచాపు దూరంలో పెట్టి, ఎవరు ఏం చేస్తున్నారో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే అంచు మార్చాలి. నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి సాధన చేస్తే ఇది త్వరగా పట్టుబడుతుంది, కత్తెరకు లోపలి గీతలు గీసే వీలు లేదు కనుక.